పేరు జాలరిది, నూనె సర్కారుది

సముద్రపు దొంగల్లో ఒక మంచి గుణం ఉంది. దొంగలమని ఒప్పుకుంటారు. మెక్సికోలో, గల్ఫ్ తీరాన, కంపెచే రాష్ట్రంలో ఉన్న సియుదాద్ దెల్ కార్మెన్ అనే రేవు పట్టణానికి ఈ గుణం విలువ తెలిసొచ్చేసరికి మూడొందల ఏళ్ళు పట్టింది.

ఊరున్నది సన్నటి దీవి మీద. ముందు సముద్రం, వెనక లగూనా దె తెర్మినోస్ అనే ఉప్పునీటి సరస్సు. మన పులికాట్ దాని ముందు చిన్నదే. పదిహేడో శతాబ్దంలో ఈ సరస్సు ఇంగ్లీషు దొంగలకు అత్తారిల్లు. ఓడలు దోచుకోవడం ఒక పని, ఒడ్డున దొరికే రంగుచెట్టు నరుక్కోవడం రెండో పని. ఆ చెక్క ఉడకబెడితే ఎరుపు, ఊదా, నలుపు రంగులు దిగుతాయి. యూరప్ దొరల కోట్లకు ఆ రంగే కావాలి. 1717 జూలై 16న, సరిగ్గా కార్మెన్ మాత పండగనాడు, స్పెయిన్ సైన్యం వచ్చి దొంగల్ని తరిమేసింది. ఆ పండగ పేరే ఊరికి పెట్టారు. ఇప్పటికీ ఏటా జూలైలో అక్కడ జాతర జరుగుతుంది.

దొంగలు పోయారు. రశీదు పుస్తకాలు దిగాయి. కథ అసలు మొదలైంది అక్కడ.

చెట్లు నరకడం ఆగలేదు. నరికేవాడికి కాయితాలు వచ్చాయి, అంతే. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలు ఖాళీగా వస్తే ఒరిగిపోతాయని అడుగున ఫ్రెంచి పెంకులు నింపుకొచ్చేవి. పెంకులు దింపి దుంగలు ఎక్కించుకుపోయేవి. మన మంగళూరు పెంకుల్లాంటి ఆ ఎర్ర పెంకులు పాతబస్తీ ఇళ్ళ మీద ఇంకా కనిపిస్తాయి. అడవిచ్చి పెంకు పుచ్చుకున్న బేరం. ఆ తర్వాత యూరప్‌లో రసాయన రంగులు పుట్టాయి, రంగుచెట్టును అడిగేవాడు లేకుండా పోయాడు.

అడవి బేరం అయిపోయాక రొయ్యలొచ్చాయి. 1940ల చివర్లో మొదలైన రొయ్యల వేట ఊరికి రెండో సంక్రాంతి. వందల పడవలు, ఐసు ఫ్యాక్టరీలు, అమెరికాకు ఎగుమతులు. రొయ్యకు 'గులాబీ బంగారం' అని ముద్దుపేరు. బంగారమని పిలిస్తే ఆగేదెవరు? ఊడ్చిపట్టారు. రొయ్య తగ్గిపోవడంలో పాపమంతా చమురుదే అంటే అన్యాయం. వలల వాటా వలలకుంది. రొయ్యలు మాత్రం సముద్రం విడిచి ఊళ్ళోకి ఎక్కాయి. ఇవాళ రోడ్ల కూడలిలో ఒక పెద్ద రొయ్య విగ్రహం నిలబడి మీసాలు చాచి వచ్చేపోయే లారీల వంక చూస్తుంటుంది. విగ్రహాల సూత్రం ఎక్కడైనా ఒకటే: బతికున్నవాళ్ళకు అన్నం, పోయినవాళ్ళకు దండ.

ఇక మూడో బంగారం. ఇది నల్లది.

రుదెసిందో కాంతారెల్ అని ఒక జాలరి. 1961లో ఒకనాడు ఒడ్డుకు దూరంగా, నీళ్ళ మీద జిడ్డు తేలుతుండటం చూశాడు. వలకంటుకునేది. జాలరికి వల మీద జిడ్డంటే బంగారం కాదు, రెట్టింపు చాకిరీ. నిప్పుపుల్ల గీయకుండా, తొక్కకుండా తప్పుకుపోయాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే జిడ్డు. కొన్నేళ్ళకు ఆ మాట పెమెక్స్ చెవిన పడింది. పెమెక్స్ అంటే మెక్సికో సర్కారు చమురు సంస్థ. 1938 మార్చి 18న అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ విదేశీ చమురు కంపెనీల్ని జాతీయం చేశాక పుట్టిన బిడ్డ. ఆ కంపెనీలకు పరిహారం కట్టాలంటే ఆడవాళ్ళు ఉంగరాలిచ్చారు, పల్లెవాళ్ళు కోళ్ళు తెచ్చిచ్చారు. కోళ్ళతో కొనుక్కున్న సంస్థ అది.

జాలరి ఉచితంగా చెప్పిన సంగతిని ఇంజనీర్లు ఖర్చుపెట్టి రూఢి చేసుకునేసరికి 1976 వచ్చింది. కింద ఉన్నది ప్రపంచంలోని అతిపెద్ద సముద్ర చమురు క్షేత్రాల్లో ఒకటి. దానికి కాంతారెల్ అని పేరు పెట్టారు. పేరు పెట్టడానికి ఖర్చు లేదు. మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం భూగర్భంలో ఉన్నదంతా జాతిది. జాలరీ జాతిలోవాడేగా, వాటా అందులోనే ఉంటుంది, వెతుక్కోవాలి.

1979లో కాంతారెల్ నుంచి చమురు తీయడం మొదలైంది. అదే ఏడాది జూన్ 3న పక్కనే ఇక్స్‌తోక్-1 అనే బావి పేలింది. ఊరికి వాయవ్యంగా దాదాపు వంద కిలోమీటర్ల దూరాన, యాభై మీటర్ల లోతు నీళ్ళ కింద బావి నోరు తెరిచింది. బ్లోఅవుట్ అంటే ఏమిటో కోనసీమవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అరవై అయిదు రోజులు మండింది. ఇక్స్‌తోక్ మూతపడ్డది 1980 మార్చి 23న. అంటే దాదాపు తొమ్మిదిన్నర నెలలు. ఒక బిడ్డ కడుపున పడి పుట్టి, పేరు కూడా పెట్టించుకునేంత కాలం.

అంతకాలం ఏం చేశారంటే, టోపీ పెట్టారు. నిజంగానే. వందల టన్నుల ఉక్కు గరాటా ఒకటి చేయించి, దానికి 'సోంబ్రెరో' అని మెక్సికో టోపీ పేరు పెట్టి, బావి నోటి మీద బోర్లించబోయారు. ప్రజల నెత్తిన టోపీలు పెట్టిన సర్కార్లను చూశాం. బావి నెత్తిన పెట్టిన సర్కారు ఇదొక్కటే. ప్రజలు ఊరుకున్నట్టు బావి ఊరుకోలేదు. టోపీ అట్టే పనిచేయలేదు. అంతకుముందే ఇనుప గుండ్లు, సీసపు గుండ్లు బావిలోకి దించి చూశారు. చివరికి పక్కన వేరే బావులు తవ్వి, మట్టీ సిమెంటూ కొట్టి నోరు మూయించారు. ఈలోగా ముప్ఫై లక్షల బ్యారెళ్ళకు పైగా చమురు సముద్రంలో కలిసింది.

కలిసిందా? తప్పుమాట, నాలుక కరుచుకుంటున్నాను. పెమెక్స్ లెక్క వేరు. ఆ లెక్కలో సగం చమురు పైకి రాగానే కాలిపోయింది. మూడో వంతు ఆవిరైపోయింది. మిగతాది పట్టుకున్నారు, లేదా మందు కొట్టి చెదరగొట్టారు. ఎటు కూడినా సముద్రం శుభ్రం. మరి ఉత్తరాన వందల కిలోమీటర్ల అవతల టెక్సాస్ ఇసుక తిన్నెల మీద తేలిన తారుముద్దలు ఎవరివంటే, లెక్కల్లో లేనివి. తమౌలిపాస్ తీరంలో గుడ్లు పెట్టే అరుదైన తాబేళ్ళ జాతికి పిల్లలు పుట్టే వేళ అది. వేలాది తాబేలు పిల్లల్ని విమానమెక్కించి, నూనె లేని నీళ్ళలోకి దించారు. ఆ ప్రమాదంలో సర్కారు ఖర్చుతో ప్రాణాలు దక్కించుకుని విమానయానం చేసినవాళ్ళు వాళ్ళే. అమెరికా నష్టపరిహారం అడిగితే పెమెక్స్ ఒక్కటే మాటంది: మాది సార్వభౌమ సంస్థ, మీ కోర్టులు మా మీదకు రావు. ఆ బావి తవ్విన రిగ్గు ఎవరిదో తెలుసా? సెడ్కో కంపెనీది. ఆ కంపెనీ పెట్టినాయన బిల్ క్లెమెంట్స్. ఆ ఏడాది టెక్సాస్ గవర్నరు కూడా ఆయనే. వియ్యంకుడి ఇంట్లో నిప్పంటుకుంటే అగ్గిపెట్టె మనదేనని తేలినట్టు.

అప్పుడు దేశాధ్యక్షుడు హోసె లోపెస్ పోర్తియ్యో. మనకిక లేమి బాధ తీరింది, సమృద్ధిని ఎలా సర్దుకోవాలో నేర్చుకోవాలి అని జాతికి హితవు చెప్పాడు. దేశం వెంటనే నేర్చుకోవడం మొదలెట్టింది, అప్పుచేసి. చమురు చూసి బ్యాంకులిచ్చాయి, బ్యాంకుల్ని చూసి సర్కారు ఖర్చుపెట్టింది. 1981లో చమురు ధర జారింది. పెసో విలువను కుక్కలా కాపాడతానని ఆయన సెలవిచ్చిన కొద్ది రోజులకే, 1982 ఫిబ్రవరిలో, పెసో కుప్పకూలింది. ఆగస్టులో దేశం అప్పు తీర్చలేనని చేతులెత్తేసింది. ఆ తర్వాత ఆయన కనిపిస్తే జనం భౌభౌమని మొరిగేవారట. ఆయన కుటుంబం కట్టుకున్న బంగళాల గుట్టకు కుక్కగుట్ట అని పేరు పడింది. అప్పట్లో పెమెక్స్ అధిపతిగా ఉన్న హోర్హె దియాస్ సెర్రానో రెండు గ్యాసు ఓడల కొనుగోలు కేసులో 1983లో జైలుకెళ్ళాడు. సమృద్ధిని ఎవరెంత సర్దుకున్నదీ దేశానికి తెలిసింది. సియుదాద్ దెల్ కార్మెన్‌కు సర్దుకోవడానికి మసి మిగిలింది.

ఊరికేమీ రాలేదనడం పాపం. వచ్చాయి. హెలికాప్టర్లు వచ్చాయి. పద్నాలుగు రోజులు సముద్రంలో ప్లాట్‌ఫారం మీద పని, పద్నాలుగు రోజులు సెలవు. ఆ పద్ధతికి ఊరి గడియారమే మారిపోయింది. ఇంటి అద్దెలు రాజధానితో పోటీపడ్డాయి. రొయ్యలు పట్టేవాడి ఇంటి పక్క గది ఇంజనీరుకు అద్దెకు పోయింది, ఆ అద్దె విని రొయ్యలు పట్టేవాడి కొడుకు కాపురం ఊరవతలికి పోయింది. 1994లో సరస్సునూ చుట్టుపక్కల నేలనూ కలిపి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, మొత్తం ఏడు వేల చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది సరస్సు నోటి మీదుగా పొడవాటి వంతెన తెరిచారు, లారీలు నేరుగా రావడానికి. ఒక చేత్తో రాఖీ, ఇంకో చేత్తో రోడ్డు రోలరు.

క్షేత్రంలో ఒత్తిడి తగ్గుతోందని 2000లో కొత్త వైద్యం మొదలెట్టారు. ఊరికి దగ్గర్లోని అతాస్తాలో ప్రపంచంలోనే అతిపెద్ద నైట్రోజన్ కర్మాగారం కట్టి, గాలిలోంచి నైట్రోజన్ తీసి, రోజుకు 120 కోట్ల ఘనపుటడుగులు సముద్రం అడుక్కి పంపారు. తెలుగులో దీన్ని గ్యాసు కొట్టడం అంటాం. పనిచేసింది కూడా. 2004లో కాంతారెల్ రోజుకు 21 లక్షల బ్యారెళ్ళిచ్చింది. దేశపు చమురులో అరవై శాతం పైమాటే. సౌదీలోని ఘవార్ క్షేత్రం తర్వాత ప్రపంచంలో రెండో స్థానం. గడ్డి వెయ్యకుండా సూది మందుతో పాలు పిండితే గేదె ఏం చేస్తుందో అదే జరిగింది. 2009 నాటికి దిగుబడి ఏడు లక్షల లోపుకొచ్చింది. ఇప్పుడు రెండు లక్షలు కూడా లేదు.

పాలన్నీ ఎటుపోయాయంటే, రాజధానికి. ఆ రోజుల్లో కేంద్ర బడ్జెట్టులో మూడో వంతు పెమెక్స్ చెమటే. కొన్నేళ్ళు సంపాదించిన లాభానికి మించి పన్ను కట్టి, నష్టంలో మునిగి, కొత్త బావి తవ్వడానికి అప్పు తెచ్చింది. అప్పు పెరిగి పెరిగి పది వేల కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచంలోకెల్లా అప్పుల పాలైన చమురు కంపెనీ అనే కిరీటం దక్కింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మన సామెత. పెమెక్స్‌ది ఇంకా విచిత్రం: నూనె దానిదే, మీసాలు ఆర్థికశాఖవి.

అప్పు మాట వచ్చింది కాబట్టి బ్యాంకుల తెలివి గురించీ చెప్పాలి. ఈ ఊళ్ళో ఓసియనోగ్రఫీయా అని పెమెక్స్‌కు పనులు చేసిపెట్టే కంపెనీ ఉండేది. పెమెక్స్ ఇవ్వాల్సిన బిల్లులు చూపించి సిటీగ్రూప్ వారి మెక్సికో బ్యాంకు దగ్గర అప్పు తీసుకునేది. 2014 ఫిబ్రవరిలో సిటీగ్రూప్ తీరిగ్గా లెక్క చూసుకుని, ఇచ్చిన 58.5 కోట్ల డాలర్లలో దాదాపు 40 కోట్లకు బిల్లులు బూటకమని ప్రకటించింది. కిరాణా కొట్లో పది రూపాయల అరువుకు పదిసార్లు మొహం చూస్తారు. నలభై కోట్ల డాలర్లకు కాయితం మొహం చూస్తే చాలు. 1717కు ముందు ఇదే పని చెయ్యాలంటే ఓడ, కత్తి, తుపాకిమందు కావలసి వచ్చేవి. నాగరికత పెరిగాక ప్రింటరుతో పోయింది.

ఒక్క సంగతి దగ్గర వెక్కిరింత ఆపాలి. 2007 అక్టోబరు 23న ఉత్తరపు చలిగాలి తుపానులా విరుచుకుపడ్డప్పుడు ఉసుమసింతా అనే రిగ్గు ఊగి పక్కనున్న బావి తలకు గుద్దుకుంది. గ్యాసు చిమ్మింది. పనివాళ్ళు ప్రాణరక్షక పడవలెక్కారు. గుండ్రంగా, నారింజ రంగులో ఉంటాయని వాటిని కమలాపళ్ళు అని పిలుచుకునేవారు. రిగ్గు నుంచి కాపాడిన ఆ పళ్ళే కెరటాల్లో తిరగబడ్డాయి. ఇరవై ఇద్దరు చనిపోయారు. పద్నాలుగు రోజుల తర్వాత రావలసినవాళ్ళ కోసం వంట చేసుకున్న ఇళ్ళకు ఏ లెక్క చెబితే సరిపోతుంది?

లెక్కలు చెప్పేవాళ్ళు మాత్రం ఆగలేదు. 2021 జూలై 2న కు-మలూబ్-సాప్ క్షేత్రంలో సముద్రం అడుగున గొట్టం కారింది. గ్యాసు బుడగలుగా పైకొచ్చింది, పిడుగుపడి అంటుకుంది అన్నారు. సముద్రం నడిమధ్య గుండ్రంగా, ఎర్రగా, కుతకుతలాడుతూ మంట. లోకమంతా దానికి 'నిప్పుకన్ను' అని పేరుపెట్టింది. మన భాషలో దానికి ఎప్పటినుంచో బడబాగ్ని అని మాట ఉంది. పురాణాల్లో ఉంటే కల్పన అన్నారు. పెమెక్స్ ప్రత్యక్షంగా చూపించింది. ఆ మంట చుట్టూ మూడు పడవలు చేరి గొట్టాలతో నీళ్ళు చల్లుతున్న దృశ్యం ఫోన్లన్నిటా తిరిగింది. చుట్టూ సముద్రం, మధ్యలో నిప్పు, దాని మీద నీళ్ళు. అయిదు గంటల పైన మండింది. ఆనక పర్యవేక్షణ సంస్థ అధికారి ఒలికింది ఏమీ లేదని భరోసా ఇచ్చాడు. ఇక్స్‌తోక్ నాటి లెక్కల మాస్టారి శిష్యరికం ఊరికే పోలేదు.

ఊరిని ఎవరూ పట్టించుకోలేదని మీరనుకోకండి. ఆంద్రెస్ మనువెల్ లోపెస్ ఓబ్రదోర్ ఎన్నికల్లో నిలబడ్డప్పుడు పెమెక్స్ ప్రధాన కార్యాలయాన్నే సియుదాద్ దెల్ కార్మెన్‌కు తరలిస్తానన్నాడు. చమురు ఎక్కడుందో దొరలూ అక్కడే ఉండాలి అన్న మాట వినడానికి ఎంత బావుంది! 2018లో గెలిచాడు. 2024లో పదవీకాలం ముగిసి వెళ్ళిపోయాడు. రెండొందల మీటర్లు దాటిన పెమెక్స్ టవరు మాత్రం 1984 నుంచి ఎక్కడుందో అక్కడే, మెక్సికో నగరంలో ఉంది. దాని పై అంతస్తు నుంచి చూసినా సముద్రం కనబడదు. ఆ ఎత్తు నుంచి కనబడాల్సింది సముద్రం కూడా కాదేమో.

ఈలోగా కార్మెన్‌లో పెమెక్స్‌కు పడవలు తిప్పినవాళ్ళు, భోజనాలు పంపినవాళ్ళు, మరమ్మతులు చేసినవాళ్ళు బిల్లులు పట్టుకుని తిరుగుతున్నారు. 2024 చివరికి పెమెక్స్ తన సరఫరాదారులకు బాకీపడ్డది వేల కోట్ల డాలర్లు. ఒకప్పుడు గది దొరకని వీధుల్లో ఇప్పుడు గోడలకు 'అద్దెకు ఇవ్వబడును' బోర్డులు. చూశారా, దొంగ బిల్లులకు బ్యాంకు డబ్బిచ్చింది, నిజం బిల్లులకు పెమెక్స్ ఇవ్వడం లేదు. వ్యాపారంలో నిజాయితీ ఎంత ఖరీదైన వస్తువో పిల్లలకు పాఠం చెప్పాలంటే ఈ ఊరిని మించిన బడి లేదు. ఊరు ఇచ్చింది చమురు, పుచ్చుకున్నది హామీ కాయితం. ఆనాటి పెంకులే నయం, వానొస్తే అవి తల దాచాయి.

చివరగా చేపల సంగతి. ప్లాట్‌ఫారాల కింద నీడ ఉంటుంది, రాత్రిళ్ళు దీపాల వెలుగుంటుంది. చేపలన్నీ అక్కడికే చేరతాయి. 2003లో సర్కారు ఆ ప్రాంతంలోకి జాలర్లు రాకూడదని ఉత్తర్వు వేసింది. చేపలకు ఉత్తర్వు చదవడం రాదు, అవి లోపలే ఉన్నాయి. జాలరికి చదవడం వచ్చు, కాబట్టి బయట ఉన్నాడు. అప్పుడప్పుడూ ఆకలి చదువును మరిపిస్తే, నౌకాదళం గుర్తుచేస్తుంది.

రుదెసిందో కాంతారెల్ ఇప్పుడు లేడు. ఉన్నాడనుకోండి. పాత పడవ తీసి, పాత వల వేసుకుని, ఆనాడు జిడ్డు చూసిన చోటికి మళ్ళీ వెళ్ళాడనుకోండి. గస్తీ పడవ అడ్డం వస్తుంది.

"ఏయ్ ముసలాయనా, ఎక్కడికి?"

"కాంతారెల్‌కి."

"అక్కడికి జాలర్లు పోకూడదు. పేరు చెప్పు, రాసుకోవాలి."

"కాంతారెల్."

"అది చోటు పేరయ్యా. నీ పేరు చెప్పు."